పొద్దుటి మూడు చుట్లు

మొన్న ఒక ఆదివారం మనవరాలిని గచ్చిబౌలిలో ఒక మాల్‌కు తీసుకెళ్ళాను. వాళ్ళమ్మకు ఆదివారం కూడా ఆఫీసు పనే, ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవదు. ప్రగతి నగర్ నుంచి క్యాబ్‌లో వెళ్ళేసరికి అప్పుడే మాల్ తలుపులు తెరుస్తున్నారు. నాలుగో అంతస్తులో పిల్లలు ఆడుకునే చోటుంది. అక్కడొక చిన్న జెయింట్ వీల్ కూడా ఉంది. నడిపేది ఇరవై ఏళ్ళ అమ్మాయి, నల్ల టీషర్టు, మెడలో కార్డు. మాట వింటే మా జిల్లాల వైపు పిల్లేనని తెలిసింది.

డబ్బు కట్టి, కార్డు గీకి, మనవరాలిని ఎక్కించబోతూ ఆ అమ్మాయిని ఒక మాట అడిగాను. "ఇయ్యాల దీంట్ల ముందుగాల ఎవలెక్కిన్రు బిడ్డా?"

"ఎవలెక్కలే మేడం. మీ పాపదే బోణీ," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

నేను మనవరాలి చెయ్యి వదల్లేదు. చక్రం డబ్బాలో ఒక కాలు పెట్టిన పిల్లను వెనక్కి లాగాను. అది మూతి ముడుచుకుంది. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. తప్పు ఆమెది కాదు. ఈ నేల మీద ఒకప్పుడు మా ఇంటివాళ్ళు చక్రం తిప్పారనీ, ఆ చక్రానికి ఒక కట్టుబాటు ఉండేదనీ ఆమెకు ఎవరు చెప్తారు?

ఇప్పుడు అద్దాల మేడలు ఉన్నచోట అప్పుడు బండలు ఉండేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయిన బండలు. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, పాములు, ముంగిసలు. లింగంపల్లిలో రైలు దిగి మట్టిబాటన నడిచి వస్తే మా పార్కు. పార్కు అన్నది మేం పెట్టుకున్న పేరు. చుట్టుపక్కల వాళ్ళకు అది చక్రపోళ్ళ జాగ. మమ్మల్నీ చక్రపోళ్ళనే పిలిచేవాళ్ళు. ఇంటి పేరు ఒకటుందని మాకు కూడా బడిలో హాజరు పిలిచినప్పుడే గుర్తొచ్చేది.

తాత మెదక్ వైపు జాతరల్లో కట్టె రంగులరాట్నం చేత్తో తిప్పి బతికినవాడు. తర్వాత ఎవరో వదిలించుకుంటున్న పాత ఇనుప చక్రాన్ని కొని, లారీ మీద వేసుకుని జాతర జాతరకూ తిరిగాడు. విప్పడం, మోయడం, మళ్ళీ బిగించడం. నడుము ఇక మోయనన్న రోజున, ఎవరికీ పనికిరాని ఆ బండల జాగాను కిరాయికి తీసుకుని చక్రాన్ని పాతేశాడు. బండల్లో ఏం పండుతుందని బంధువులు నవ్వితే, పంట పండకపోతే మానె, పిల్లలన్నా నవ్వుతారని జవాబు చెప్పాడట.

ఇంటిల్లిపాదికీ ఒక్కో పని. మా నాయనది పొట్టి రైలు, జనరేటరు. అమ్మది టికెట్ల కిటికీ. చిన్నాయన చక్రం నడిపేవాడు. నాయనమ్మ గుర్రాల రాట్నం చూసుకునేది. ఏటా దసరాకు ముందు ఆవిడే ఆ కట్టె గుర్రాలకు రంగు వేసి కళ్ళు దిద్దేది. చెయ్యి వణకడం మొదలైన తర్వాత కొన్ని గుర్రాలకు మెల్లకన్ను వచ్చింది. పిల్లలు ఆ మెల్లకన్ను గుర్రాల కోసమే కొట్టుకునేవాళ్ళు. నాయనమ్మ మాత్రం తన పనితనం అలాగే ఉందనుకునేది, మేమూ దిద్దలేదు.

పొద్దున్నే లేస్తే డీజిలు వాసన, గ్రీజు వాసన. ఎండెక్కేసరికి మిర్చి బజ్జీల నూనె వాసన. వాన పడితే తడిసిన బండ వాసన. నాయనమ్మ చిన్న పొయ్యి మీద సర్వపిండి కాల్చి, చక్రం దగ్గరున్న వాళ్ళకు ఆకులో పెట్టి పంపేది. గ్రీజు చేతులతోనే తినేవాళ్ళం. ఆ రుచి మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు. దొరకాలంటే సర్వపిండితో పాటు గ్రీజు కూడా కావాలేమో.

ఇక నా పని. పొద్దున చక్రాన్ని మొదట ఎక్కేది నేను. ఏడో ఏట నుంచి నాదే ఆ పని, ఇంట్లో పెద్దపిల్లను కాబట్టి. చిన్నాయన ఇంజను వేసి నన్నొక్కదాన్నే మూడు చుట్లు తిప్పేవాడు. దిగి గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న తాత దగ్గరికి పోవాలి. ఆయన బీడీ పక్కన పెట్టి అడిగేవాడు. "ఏమన్నది బిడ్డా?"

చక్రం ఏమన్నదని. "ఏమనలే తాతా," అనేదాన్ని. అప్పుడుగానీ టికెట్ల కట్ట అమ్మ చేతికి వెళ్ళేది కాదు, అప్పుడుగానీ గేటు తెరిచేవాళ్ళు కాదు. ఇంటి పిల్ల ఎక్కకుండా ఊరి పిల్ల ఎక్కొద్దు. అదీ మా పార్కు కట్టుబాటు. కాగితం మీద ఎక్కడా లేదు.

ఇప్పటివాళ్ళు వింటే తాత మీద కేసు పెడతారు. అప్పట్లో చిన్నాయన కూడా ఒకసారి అడిగాడు, పిల్లెందుకు, ఇసుక బస్తా పెట్టి తిప్పితే చాలదా అని. తాత చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "బస్త మీద మన పానం ఉండదుర. బిడ్డ ఎక్కుతదంటే ఆ నట్టును నువ్వే ఇంకోపారి బిగిస్తవు."

నిజం చెప్పాలి. రెండు మూడేళ్ళు గడిచేసరికి నేను ఏమీ వినడం మానేశాను. పైకి వెళ్ళి లింగంపల్లి వైపు రైలు పొగ కనిపిస్తుందా అని చూసేదాన్ని, కింద ఎవరింటి కోడి ఎవరింట్లో దూరిందో చూసేదాన్ని. దిగి "ఏమనలే" అని చెప్పి సర్వపిండి కోసం పరిగెత్తేదాన్ని. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టే అదీ. అయినా ఆ పని నాదేనని నాకు పొగరు. తమ్ముడు నేనెక్కుతానని ఏడిస్తే పైనుంచి నాలుక బయటపెట్టి వెక్కిరించేదాన్ని.

తాత మాత్రం చక్రం ఎక్కింది లేదు. ఇది అందరికీ తెలిసిన సంగతే, అందరూ ఆటపట్టించే సంగతే. అన్నేళ్ళు రాట్నం తిప్పిన మనిషికి తిరిగేది ఏదన్నా ఎక్కితే కడుపులో తిప్పేది. బస్సులో కూడా నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మిఠాయి అంగడాయనకు చక్కెర జబ్బు వచ్చినట్టుందని చిన్నాయన నవ్వేవాడు. తాత కూడా నవ్వేవాడు.

అవి దసరా సెలవులు. వానలు వెనకబట్టాయి. సీతాఫలాల కాలం. నా బడి నేస్తం ఒకతె ఉండేది, ఫ్యాక్టరీ కాలనీ పిల్ల, కోస్తా వైపు వాళ్ళు. వాళ్ళింట్లో అందరూ అండి, అండి అంటారని నేను ఏడిపించేదాన్ని. మేమిద్దరం కలిసి కళ్ళు విచ్చిన కాయలు కోసి, బండ సందులో ఎండుగడ్డి వేసి మగ్గబెట్టాం. నాలుగు రోజులకు పండుతాయి. ఒక్క రోజు ఆలస్యమైతే ముంగిసలు మిగల్చవు. నాలుగో రోజు పొద్దున్నే నేస్తం కోసం కూడా ఆగకుండా నేనొక్కదాన్నే బండల్లోకి పోయాను. చక్రం సంగతి గుర్తు లేకపోలేదు. ముందు పండ్లు, తర్వాత చక్రం అనుకున్నాను.

ఒక పండు తిని లేద్దామనుకున్నాను. ఒకటి మూడైంది. గింజలు ఎంత దూరం ఊస్తానో చూసుకుంటూ కూర్చున్నాను. ఇంజను చప్పుడు విని ఉలిక్కిపడి పరిగెత్తేసరికి చక్రం ఆగిపోతోంది. గేటు బయట జనం అప్పటికే బారులు తీరారు. చిన్నాయన చెమటలు తుడుచుకుంటున్నాడు. నేను కనిపించకపోయేసరికి ఖాళీగానే మూడు చుట్లు తిప్పాడట. నన్ను చూసి తిట్టలేదు. తొందరలో ఉన్నాడు.

"ఒక్కనాటికేమైతది? ఎక్కిన అని చెప్పు పో," అన్నాడు.

పోయాను. తాత బీడీ పక్కన పెట్టి ఏమన్నదని అడిగాడు. ఏమనలేదన్నాను. నా మూతికి సీతాఫలం గుజ్జు అంటుకుని ఉంది. ఆయన తన కండువా కొసతో దాన్ని తుడిచి, నాయనమ్మ దగ్గరికి పోయి నీళ్ళు తాగమన్నాడు. గేటు తెరిచారు.

ఆ రోజంతా నాకు దొంగకు తేలు కుట్టినట్టే ఉంది. చక్రం ఎప్పటిలాగే తిరుగుతోంది. కానీ ఎప్పుడూ వినని చప్పుళ్ళన్నీ ఆ రోజే వినిపించాయి. ఎక్కడో కిర్రుమంటుంది, ఎక్కడో టక్కుమంటుంది. అవి రోజూ ఉండేవో, ఆ రోజే వచ్చాయో నాకు తెలియదు. తెలియకపోవడమే నా భయం. రోజూ వినుంటే తెలిసేది కదా. సర్వపిండి పెడితే తినలేదు. జ్వరమేమోనని నాయనమ్మ నుదురు పట్టుకుని చూసింది.

మధ్యాహ్నం దాటాక నా నేస్తం వచ్చింది, వాళ్ళ చిన్న తమ్ముడిని చంకన వేసుకుని. వాడికి మూడేళ్ళు కూడా లేవు. పండ్లన్నీ ఒక్కదానివే తినేశావటే అని నన్ను రెండు మాటలని, నేను నోరు తెరిచేలోపే చక్రం ఎక్కేసింది. తమ్ముడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాళ్ళ డబ్బా పైకి లేచింది. వాడు పైనుంచి నాకు చెయ్యి ఊపాడు.

ఇక నిలబడలేకపోయాను. తాత దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని, చివరికి అనేశాను.

"తాతా, పొద్దుగాల నేను ఎక్కలే."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూసి, చెప్పులు తొడుక్కుని, చక్రం దగ్గరికి నడిచి చెయ్యి ఎత్తాడు. ఆపమని. చిన్నాయన ఆపాడు. అందరినీ దించమన్నాడు తాత. ఒక్కవైపే దించితే బరువు ఒరుగుతుంది, ఇటొక డబ్బా అటొక డబ్బా దించాలి. చాలాసేపు పట్టింది. నా నేస్తం డబ్బా కిందికి వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. జనం సణిగారు, కొందరు గట్టిగానే తిట్టారు. పండగ పూట ఇంతమందిని దించితే రేపు ఎవరొస్తారని చిన్నాయన గొణిగాడు. చక్రంలో ఏం తప్పుందని అడిగాడు.

"తప్పున్నదో లేదో నాకెర్కలే. నీకూ ఎర్కలే," అన్నాడు తాత. "ఎక్కియ్యకముందు చూడాలె. ఇప్పుడు చూస్త."

నేను డబ్బాలోకి ఎక్కబోయాను. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు గాదు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు. ఆయనే వంగి, తలపాగా తీసి నా చేతికిచ్చి, డబ్బాలో కూర్చున్నాడు.

చిన్నాయన ఇంజను వేశాడు. నాయనమ్మ గుర్రాలను వదిలేసి పరిగెత్తుకొచ్చింది. చక్రం కదిలింది. ఒక చుట్టు, రెండు, మూడు. తాత ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడో తెరిచాడో కింద నుంచి కనిపించలేదు. తర్వాత అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. దిగాడు. రెండడుగులు నిటారుగానే వేసి, జనరేటరు గది వెనక్కి పోయి కక్కుకున్నాడు. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయనమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మూతి కడుక్కుని వచ్చి, ఏమనలేదు, నడుపు అని చిన్నాయనతో చెప్పి మళ్ళీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. సగం జనం వెళ్ళిపోయారు. మిగిలిన సగం ఎక్కారు. నా నేస్తం కూడా మళ్ళీ ఎక్కింది.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున నేను అందరికంటే ముందు లేచి చక్రం దగ్గర నిలబడ్డాను. తాత వచ్చాడు, నన్ను పక్కకు జరిపి తానే ఎక్కాడు. మూడు చుట్లు. జనరేటరు గది వెనక నాయనమ్మ నిమ్మకాయ కోసుకుని సిద్ధంగా నిలబడింది. ఆ తర్వాతి రోజూ అంతే. సెలవులు అయ్యేదాకా అంతే. ఈ ముసలాయనకు ఎవరన్నా చెప్పండని నాయనమ్మ ఇల్లంతా తిరిగింది. నాయన చెప్పాడు, చిన్నాయన కాళ్ళు పట్టుకుని తానెక్కుతానన్నాడు. తాత ఎవరి మాటా వినలేదు. నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. పొద్దున కడుపులో ఏమీ నిలవక మనిషి చిక్కిపోయాడు. నేను చూశాను. రోజూ అక్కడే నిలబడి చూశాను. నా జీవితంలో దానికి మించిన శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

బడి తెరిచే రోజు పొద్దున, డబ్బా దగ్గరికి వచ్చి ఆగాడు. నా వైపు తిరిగి ఎక్కమన్నట్టు తల ఊపాడు.

ఎక్కాను. ఆ మూడు చుట్లూ నేను రైలు పొగ చూడలేదు. ఒక చెవి కడ్డీకి ఆనించి కూర్చున్నాను. దిగి తాత దగ్గరికి పోయాను. ఏమన్నదని అడిగాడు. ఈసారి నోరు వెంటనే తెరవలేదు. ఒకసారి మనసులో చక్రాన్ని మళ్ళీ తిప్పి చూసుకున్నాను. అప్పుడు చెప్పాను, ఎర్ర డబ్బా పైకి పోయేటప్పుడు కిర్రుమంటున్నదని.

చిన్నాయనను పిలిచి గ్రీజు పెట్టించాడు. అంతే, పెద్ద లోపమేమీ కాదు. ఆ కిర్రు ఎన్ని నెలల నుంచి ఉందో ఏమో. తాత నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"అడగంగనే చెప్పినవంటే ఇనలేదన్నట్టే బిడ్డా," అన్నాడు. "ఇన్నోళ్ళు జర ఆగి చెప్తరు."

అంటే అంతకుముందు నేను వినకుండానే చెప్పిన రోజుల సంగతి కూడా ఆయనకు తెలుసు. ఆ మాటకు నేను ఏడ్చాను.

తర్వాత కొన్నేళ్ళకు ఆ జాగాకు విలువ వచ్చింది. బండలు పేల్చడం మొదలైంది. మందు పెట్టే ముందు ఎర్రజెండా ఊపి అందరినీ దూరం పొమ్మనేవాళ్ళు. రోజూ ఒక బండ తగ్గేది, ఒక దిక్కు ఖాళీ అయ్యేది. జాగా ఆసామి తన నేల తాను అమ్ముకున్నాడు, అతన్ని తప్పు పట్టేదేమీ లేదు. పార్కు మూసేశాం. గుర్రాలను చుట్టుపక్కల వాళ్ళు తలా ఒకటి తీసుకున్నారు. చక్రాన్ని కొనడానికి వచ్చినవాళ్ళతో తాత బేరం సంగతి ఎత్తలేదు. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగాడు. ఉన్నారన్నారు. అయితే తీసుకపోండన్నాడు. లారీ కదిలేటప్పుడు కూడా ఆయన ఏడవలేదు. నాయనమ్మ ఏడ్చింది, గుర్రాల కోసం.

చిన్నాయన ఆ నేల మీదే లేచిన ఒక అద్దాల మేడలో లిఫ్టులు చూసుకునే పనిలో చేరాడు. ఒకసారి తాతను చూపించడానికి తీసుకెళ్ళాడు. తాత లిఫ్టు గడప దగ్గరే ఆగి, పొద్దున ముందుగా ఎవరెక్కారని అడిగాడట. తానేనని చిన్నాయన చెప్పాడట. అప్పుడు తాత లోపలికి అడుగుపెట్టాడు, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని.

మొన్న మాల్‌లో నేను చేసింది కూడా పెద్ద విశేషమేమీ కాదు. మనవరాలిని బెంచీ మీద కూర్చోబెట్టి, నాకొక టికెట్టు కావాలన్నాను. పెద్దవాళ్ళు కూడా ఎక్కొచ్చు మేడం అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. మోకాళ్ళ నొప్పులతో ఎట్లాగో ఎక్కి కూర్చున్నాను. మూడు చుట్లు. పైన ఆకాశం లేదు, ఏసీ గొట్టాలున్నాయి. నాకు కూడా కడుపులో తిప్పింది. ఆ గుణం తాత దగ్గర నుంచి ఇన్నాళ్ళకు నాకు దిగిందన్నమాట. తాత మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. దిగి మనవరాలిని ఎక్కించాను. ఆ అమ్మాయి ఊరుకోలేక కారణం అడిగితే, పక్కనే నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆమె పిల్లలను దించుతూ, ఎక్కిస్తూనే ఉంది. విన్నదో లేదో అనుకున్నాను.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళాం. నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. నేను టికెట్టు కోసం పర్సు తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొద్దమ్మా. పొద్దుగాల నేనెక్కిన," అంది.

"ఏమన్నది?" అని అడిగాను.

ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. చక్రం వైపు తిరిగి, కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, కాసేపు ఆలోచించింది. ఆమె నోరు తెరవకముందే నేను మనవరాలి చెయ్యి వదిలేశాను.